యుద్ధం కనిపించని యుద్ధకాలపు సినిమా: 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' వెనక కథ



'ఎన్‌కౌంటర్' అనగానే మన తెలుగువాళ్ళకి ఏం గుర్తొస్తుంది? అడవి, పోలీసులు, తుపాకులు, మర్నాటి పేపర్లో హెడ్డింగు. ఆ మాట మన దగ్గర అలా స్థిరపడిపోయింది. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ మనం మాట్లాడుకోబోయే 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' సినిమాలో ఒక్క తుపాకీ కూడా పేలదు. ఎన్‌కౌంటర్ అంటే ఇక్కడ అనుకోకుండా ఎదురుపడటం, అంతే. ఒక రైల్వే స్టేషన్లో, ఒక టీ కొట్టులో, ఇద్దరు పెళ్ళయినవాళ్ళు ఎదురుపడటం. 86 నిమిషాల సినిమా. 1945 నవంబర్‌లో ఇంగ్లండ్‌లో విడుదలైంది. దర్శకుడు డేవిడ్ లీన్. అవును, తర్వాత 'బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్', 'లారెన్స్ ఆఫ్ అరేబియా' తీసిన ఆ డేవిడ్ లీనే.

ఈ సినిమా నేను మొదటిసారి చూసింది కాలేజీ రోజుల్లో, ఒక ఫిల్మ్ సొసైటీ వేసిన షోలో. నిజం చెప్పాలంటే మేమంతా నవ్వాం. ఆ బిగబట్టిన ఇంగ్లీషు ఉచ్చారణ, ఆ టోపీలు, మాట్లాడితే 'సారీ' అనుకోవడం, ఏమీ చెయ్యకుండానే అంత ఏడవటం చూసి నవ్వొచ్చింది. 'ఇంతోటి దానికి ఇంత గోలా' అనుకుంటూ బయటికొచ్చాం. తర్వాత చాలా ఏళ్ళకి, రెండో ప్రపంచ యుద్ధం గురించి చదువుతున్నప్పుడు, ఈ సినిమా షూటింగ్ ఎప్పుడు జరిగిందో నా కంటపడింది. 1945 ఫిబ్రవరి. ఆ నెల ఏంటో తెలిశాక సినిమా మళ్ళీ చూశాను. ఈసారి నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందు కథ చూద్దాం. చూడనివాళ్ళకోసం క్లుప్తంగా చెప్తాను.

లారా అనే గృహిణి. భర్త ఫ్రెడ్, ఇద్దరు పిల్లలు, చక్కని ఇల్లు. ప్రతి గురువారం ఆవిడ దగ్గర్లో ఉన్న మిల్‌ఫర్డ్ అనే ఊరికి రైల్లో వెళ్తుంది. కావలసిన సామాన్లు కొనుక్కుంటుంది, లైబ్రరీలో పుస్తకం మార్చుకుంటుంది, మధ్యాహ్నం సినిమా చూస్తుంది, సాయంత్రం రైలెక్కి ఇంటికొచ్చేస్తుంది. వారానికి ఆ ఒక్క పూట ఆవిడ సొంతం. ఒక గురువారం ప్లాట్‌ఫారం మీద వేగంగా పోయే రైలు లేపిన నలక ఆవిడ కంట్లో పడుతుంది. టీ రూములో కూర్చున్న ఒక డాక్టరు రుమాలు తీసి ఆ నలక తీసేస్తాడు. ఆయన పేరు ఆలెక్ హార్వే. ఆయనకీ పెళ్ళయింది, పిల్లలున్నారు. తర్వాతి గురువారం మళ్ళీ కనిపిస్తాడు. ఆ పై గురువారం కలిసి భోంచేస్తారు, కలిసి సినిమాకెళ్తారు. అలా కొన్ని గురువారాలు గడుస్తాయి. ప్రేమ పుడుతుంది, దానితోపాటే భయమూ పుడుతుంది. ఒకసారి ఆలెక్ స్నేహితుడి ఫ్లాట్‌లో కలుసుకోబోతారు. ఆ స్నేహితుడు అనుకోకుండా ముందే వచ్చేస్తాడు. లారా వెనక మెట్లమీంచి దొంగలా పారిపోవాల్సొస్తుంది. ఆ అవమానంతో ఇద్దరికీ తెలిసిపోతుంది, ఇది ఇక సాగదని. ఆలెక్ దక్షిణాఫ్రికాలో ఉద్యోగం ఒప్పుకుని వెళ్ళిపోతాడు.

ఆఖరి వీడ్కోలు కూడా వాళ్ళకి దక్కదు. చివరి నిమిషాల్లో లారాకి తెలిసిన ఒకావిడ, వసపిట్టలాంటి మనిషి, వచ్చి పక్కన కూలబడుతుంది. ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది. ఆలెక్ లేచి లారా భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, నొక్కి, వెళ్ళిపోతాడు. అంతే. వాళ్ళ ప్రేమకథకి ముగింపు ఆ భుజం మీద చెయ్యి.

లీన్ ఇక్కడ చేసిన పని ఏంటంటే, ఈ ముగింపుతోనే సినిమా మొదలుపెట్టాడు. మొదట చూసినప్పుడు మనకేమీ అర్థం కాదు. ఎవరో ఇద్దరు టీ తాగుతున్నారు, ఒకాయన లేచి వెళ్ళిపోయాడు, అంతేగా అనుకుంటాం. గంటంపావు తర్వాత అదే దృశ్యం మళ్ళీ వస్తుంది. అప్పుడు ఆ చెయ్యి బరువు తెలుస్తుంది. ఇక కథంతా ఎవరు చెప్తున్నారయ్యా అంటే లారానే. ఎవరికి? ఎదురుగా కుర్చీలో కూర్చుని పేపర్లో గళ్ళనుడికట్టు పూరిస్తున్న భర్తకి. కానీ పైకి కాదు, మనసులో. అంటే సినిమా మొత్తం భర్తకి చెప్పుకోలేని ఒక ఒప్పుకోలు.

సరే, ఇప్పుడు ఫిబ్రవరి 1945 దగ్గరికి వద్దాం.

సినిమాలో స్టేషన్ పేరు మిల్‌ఫర్డ్ జంక్షన్. అది కల్పితం. అసలు షూటింగ్ జరిగింది ఉత్తర ఇంగ్లండ్‌లో లాంకషైర్‌లో ఉన్న కార్న్‌ఫోర్త్ స్టేషన్లో. కథ చూస్తే లండన్ చుట్టుపక్కల జరుగుతున్నట్టుంటుంది. మరి అంత దూరం ఎందుకెళ్ళారు? కారణం యుద్ధం. రాత్రిపూట స్టేషన్లో షూటింగ్ అంటే పెద్ద పెద్ద దీపాలు కావాలి. 1939 సెప్టెంబర్ 1 నుంచి బ్రిటన్‌లో బ్లాకవుట్. కిటికీలకి నల్ల తెరలు, వీధుల్లో చీకటి. 1944 సెప్టెంబర్ తర్వాత ఆ నిబంధన కొంత సడలించారు గానీ ప్రమాదం తీరలేదు. జర్మనీ వీ-టూ రాకెట్లు లండన్ మీద, ఆగ్నేయ ఇంగ్లండ్ మీద పడుతూనే ఉన్నాయి. ఆఖరి రాకెట్ పడింది 1945 మార్చి 27న. అంటే ఈ షూటింగ్ అయిన తర్వాత కూడా పడ్డాయన్నమాట. కార్న్‌ఫోర్త్ అయితే అంత ఉత్తరాన ఉంది కాబట్టి, శత్రు విమానాలు వస్తున్నాయని తెలిస్తే దీపాలన్నీ ఆర్పేయడానికి టైముంటుంది. అందుకని ప్రభుత్వం ఆ స్టేషన్ని ఎంపిక చేసింది.

మన ఆంధ్రతీరంలో పాతతరం వాళ్ళకి ఈ దీపాల సంగతి చెప్పక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత తీరప్రాంతంలో జనం ఊళ్ళు ఖాళీ చేసి లోపలి పల్లెలకి పోయారు. మా అమ్మమ్మ చెప్పేది, లాంతరు వత్తి పెంచితే పెద్దవాళ్ళు గదమాయించేవారని. వెలుతురంటే భయం. ఇప్పుడు ఆలోచించండి, అలాంటి భయంలో ఐదేళ్ళు బతికిన జనం, సినిమా హాల్లో కూర్చుని, దీపాలతో ధగధగలాడే ఒక రైల్వే ప్లాట్‌ఫారం చూస్తున్నారు. మనకి అది మామూలు స్టేషన్. వాళ్ళకి అది పోయిన లోకం.

ఇదీ నేను మొదటిసారి గమనించని విషయం. ఈ సినిమాలో యుద్ధం లేదు! ఒక్క సైరన్ లేదు, రేషన్ కార్డు లేదు, ఇసుక బస్తా లేదు. కథ యుద్ధానికి ముందు రోజుల్లో జరుగుతుంది. టీ రూములో కావలసినంత పంచదార, బన్నులు. చాక్లెట్ కూడా దొరుకుతుంది. సరదాగా కారు అద్దెకి తీసుకుని షికారు వెళ్తారు. 1945లో బ్రిటన్‌లో పంచదార రేషన్, చాక్లెట్ రేషన్, పెట్రోలు కూడా రేషనే. లారాలాంటి గృహిణి గురువారం పూట తీరిగ్గా సినిమాకెళ్ళడమే 1945 ఆడవాళ్ళకి పాతకాలపు వైభవం. ఎందుకంటే 1941 డిసెంబర్లో వచ్చిన చట్టంతో ఇరవైల్లో ఉన్న పెళ్ళికాని ఆడవాళ్ళని కూడా యుద్ధసేవకి పిలిచారు. పెళ్ళయినవాళ్ళు కూడా లక్షల్లో ఫ్యాక్టరీల్లోకి, బస్సుల మీదికి, ఆఫీసుల్లోకి వెళ్ళారు.

మరి యుద్ధం చూపించని సినిమాని యుద్ధకాలపు సినిమా అని ఎందుకంటున్నాను? అది వేసిన ప్రశ్న యుద్ధం వేసిన ప్రశ్నే కాబట్టి.

అదేంటో చూద్దాం. 1945 నాటికి బ్రిటిష్ సైన్యాల్లో దాదాపు 50 లక్షల మంది ఉన్నారు. వాళ్ళలో ఎందరో ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో, బర్మాలో ఏళ్ళతరబడి ఉండిపోయారు. ఇంట్లో భార్యలు. పిల్లల్ని బాంబుల భయంతో పల్లెలకి పంపించేశారు. యుద్ధం మొదలైన తొలిరోజుల్లోనే దాదాపు 15 లక్షల మందిని నగరాల నుంచి తరలించారు. ఆ పైన 1944 మధ్యకి 15 లక్షల దాకా అమెరికన్ సైనికులు బ్రిటన్‌లో దిగి ఉన్నారు. వాళ్ళలో సుమారు 70 వేల మందిని బ్రిటిష్ అమ్మాయిలు పెళ్ళి చేసుకున్నారని లెక్క. అవి పెళ్ళి దాకా వచ్చిన కథలు. పెళ్ళి దాకా రానివి, రాకూడనివి ఎన్నో ఎవరికి తెలుసు? రైల్వే స్టేషన్లో కలవటం, స్టేషన్లోనే విడిపోవటం, భర్తకి చెప్పుకోలేని ఒక జ్ఞాపకం, ఇవన్నీ ఆ రోజుల్లో వేల ఇళ్ళలో ఉన్న సంగతులు.

ఇప్పుడు ఒక అంకె చెప్తాను. 1938లో ఇంగ్లండ్, వేల్స్ రెండూ కలిపి మంజూరైన విడాకులు ఆరు వేల పైచిలుకు. 1947లో? 60 వేలు దాటాయి. తొమ్మిదేళ్ళలో దాదాపు పదింతలు. ఇందులో చట్టం పాత్ర కూడా ఉంది. 1937 వరకూ అక్కడ విడాకులకి దాదాపుగా ఒకటే కారణం, వ్యభిచారం రుజువు కావాలి. 1937లో తెచ్చిన చట్టం క్రూరత్వం, మూడేళ్ళపాటు వదిలేసి పోవడం, నయంకాని మతిభ్రమణం లాంటివి చేర్చింది. కానీ ఆ ఒక్క చట్టంతోనే పదింతలు కాదు కదండీ. యుద్ధం విడదీసిన ఇళ్ళు మళ్ళీ అతుక్కోలేదు. వెళ్ళినవాడు వేరే మనిషిగా తిరిగొచ్చాడు, ఉన్నావిడ వేరే మనిషిగా మారింది.

సైనికుల్ని ఇళ్ళకి పంపడం మొదలైంది 1945 జూన్‌లో. ఈ సినిమా వచ్చింది నవంబర్‌లో. ఊరు ఊరంతా రైల్వే స్టేషన్లలో నిలబడి 'వచ్చేది అదే మనిషేనా' అని చూస్తున్న సమయంలో, తెరమీద ఒక ఆడమనిషి తన ఇంటికి తాను తిరిగొస్తోంది. ఎక్కడికీ వెళ్ళకుండానే ఎంతో దూరం పోయి తిరిగొస్తోంది. హాల్లో కూర్చున్నవాళ్ళకి ఇది ఎవరి కథో వేరే చెప్పాలా?

ఇక్కడ ఒక చిన్న విషయం. ఇది నాకు చాలా ఇష్టం. లారా వేషం వేసిన సీలియా జాన్సన్ భర్త ఎవరో తెలుసా? పీటర్ ఫ్లెమింగ్. జేమ్స్ బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్‌కి సొంత అన్న. పేరున్న యాత్రా రచయిత. యుద్ధకాలంలో ఆయన ఉద్యోగం ఎక్కడ? మన ఢిల్లీలో! జపాన్ సైన్యాన్ని తప్పుదోవ పట్టించడానికి తప్పుడు సమాచారం పుట్టించి అందించే విభాగానికి ఆయన అధిపతి. అక్కడ ఆవిడ ఇంగ్లండ్‌లో బంధువుల పిల్లలతో నిండిన ఇంటిని నడుపుతూ, సహాయక మహిళా పోలీసుగా డ్యూటీ చేస్తూ, మధ్యలో సినిమాలు చేస్తూ, భర్తకి ఉత్తరాలు రాస్తూ ఉండేది. అంటే భర్త వేల మైళ్ళ దూరంలో ఉన్న ఒకావిడ, ఎదురుగా కూర్చున్న భర్తకి కూడా ఏమీ చెప్పుకోలేని భార్యగా నటించింది. సినిమా అంతా ఆవిడ పెద్ద పెద్ద కళ్ళ మీదే నడుస్తుంది. నేను కాలేజీలో నవ్వింది ఈ కళ్ళనే చూసి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక ఆలెక్‌గా వేసిన ట్రెవర్ హోవర్డ్ అప్పటికి దాదాపు కొత్తవాడు. మనవాళ్ళకి ఆయన్ని గుర్తుచెయ్యాలంటే, అటెన్‌బరో తీసిన 'గాంధీ'లో, 1922 నాటి కేసులో గాంధీగారికి ఆరేళ్ళ శిక్ష వేసే జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ గుర్తున్నాడా? ఆ పెద్దాయనే ఈ కుర్ర డాక్టరు.

రచయిత సంగతి చెప్పుకోవాలి. నోయెల్ కవర్డ్. నాటకకర్త, నటుడు, పాటలు కట్టేవాడు, అప్పట్లో బ్రిటిష్ రంగస్థలానికి రాజులాంటివాడు. 1936లో ఆయన రాసిన 'స్టిల్ లైఫ్' అనే ఏకాంకిక ఈ సినిమాకి మూలం. ఆ నాటకం మొత్తం టీ రూములోనే జరుగుతుంది. కవర్డ్, లీన్ కలిసి అంతకుముందే 1942లో 'ఇన్ విచ్ వుయ్ సర్వ్' అని నౌకాదళం మీద సినిమా తీశారు. దానికి ప్రేరణ ఎవరు? లార్డ్ మౌంట్‌బాటెన్, ఆయన నడిపి 1941లో క్రీట్ దగ్గర మునిగిపోయిన కెల్లీ అనే యుద్ధనౌక. తర్వాత మనకి ఆఖరి వైస్రాయిగా వచ్చిన ఆయనే. చూశారా, ఎటు తిప్పినా కథ మనవైపు ఒక కన్నేస్తూనే ఉంది.

కవర్డ్ గురించి ఇంకో మాట చెప్పాలి. ఆయన స్వలింగ సంపర్కుడు. ఇంగ్లండ్‌లో మగవాళ్ళ మధ్య అలాంటి ప్రేమ 1967 దాకా నేరం, జైలుకి పోవాల్సిందే. అందుకే చాలామంది విమర్శకులు ఈ సినిమాని ఇంకో రకంగా చదివారు. బయటికి చెప్పుకోలేని ప్రేమ, అరువు తెచ్చుకున్న ఫ్లాటు, వెనక మెట్లు, ఎవరైనా చూస్తారేమోనన్న భయం, నలుగురి ముందూ ఏమీ లేనట్టు నటించడం, ఇవన్నీ కవర్డ్‌కి ఊహించి రాయాల్సిన అవసరం లేని సంగతులు అని. ఆయన ఆ ఉద్దేశంతోనే రాశాడా అంటే నేను అలా తీర్పు చెప్పను. కానీ ఆ భయం అంత నిజంగా ఎలా వచ్చిందో మాత్రం అర్థమవుతుంది.

మరి దర్శకుడు? ఇది ఇంకా విచిత్రం. డేవిడ్ లీన్ పుట్టింది క్వేకర్ల కుటుంబంలో. సినిమాలంటేనే పాపం అనుకునే ఇల్లు. ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడే తండ్రి ఇల్లొదిలి వేరొక ఆవిడతో వెళ్ళిపోయాడు. ఆ దెబ్బ తల్లి మీద ఎలా పడిందో లీన్ దగ్గరుండి చూశాడు. అంతా చూసి కూడా పెద్దయ్యాక తనూ అదే పని చేశాడు. మొదటి భార్యనీ కొడుకునీ వదిలేశాడు. జీవితంలో మొత్తం ఆరు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. అందులో నాలుగో ఆవిడ మన హైదరాబాద్‌కి చెందిన లీలా మట్కర్. 1960లో పెళ్ళి, 1978లో విడాకులు. ఆయన పెళ్ళిళ్ళలో ఎక్కువకాలం నిలిచింది అదే.

ఇప్పుడు మీరే ఆలోచించండి. ఇంటికి తిరిగెళ్ళడం గురించి ప్రపంచంలోనే పేరుమోసిన సినిమా తీసినవాడు ఎవరు? ఇల్లొదిలిపోయిన తండ్రికి కొడుకు, తనూ ఇల్లొదిలిన మనిషి. కొందరు దీన్ని కపటం అంటారు. నేను అలా అనుకోను. వెళ్ళిపోవడం ఎంత సులువో తెలిసినవాడికే, ఉండిపోవడం ఎంత బరువో తెలుస్తుంది. లారా గొప్ప సతి అని లీన్ ఎక్కడా చెప్పడు. ఆవిడ ఆఖర్న ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తేది ఆలెక్ కోసం కాదు. దూసుకొస్తున్న ఎక్స్‌ప్రెస్ కింద పడదామని. అంచుదాకా వెళ్ళి ఆగిపోతుంది. రైలు కిటికీల వెలుగులు ఆవిడ ముఖం మీద టకటకా కొట్టుకుంటూ పోతాయి. ధర్మం నిలబెట్టిన ఆడదానికి హారతి పట్టే సినిమా అయితే ఈ దృశ్యం ఉండదు కదా.

సంగీతం గురించి రెండు ముక్కలు. సినిమా అంతటా వినిపించేది రఖ్మానినోవ్ రెండో పియానో కచేరీ రచన. వాయించింది ఐలీన్ జాయిస్ అనే ఆస్ట్రేలియన్ విద్వాంసురాలు. లారా పైకి అనలేనిదంతా ఆ పియానో అంటుంది. ఆవిడ రేడియో పెట్టగానే ఆ సంగీతం వస్తుంది, దాంతోపాటే జ్ఞాపకం. శబ్దం ఎక్కువగా ఉంది, కాస్త తగ్గించమంటాడు ఫ్రెడ్. పాపం, దేన్ని తగ్గించమంటున్నాడో ఆయనకి తెలీదు. అలా అనిపిస్తుంది మనకి మొదట్లో.

అవును, ఫ్రెడ్ సంగతి చెప్పాలి. సినిమా చూసిన చాలామంది ఫ్రెడ్‌ని మొద్దు మొగుడి కింద జమకడతారు. నేనూ అంతే. గళ్ళనుడికట్టు, చుట్టూ పేపర్లు, నిద్రమొహం. కానీ ఆఖరి నిమిషం మళ్ళీ చూడండి. లారా ఏమీ చెప్పలేదు. ఆయన ఏమీ అడగలేదు. అయినా దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, నువ్వు చాలా దూరం వెళ్ళిపోయావు, తిరిగొచ్చినందుకు సంతోషం అన్న అర్థం వచ్చేలా ఒక మాటంటాడు. అంటే ఏంటి? తెలుసా ఆయనకి? ఎంత తెలుసు? ఎప్పటినుంచి తెలుసు? సినిమా చెప్పదు.

మా నాన్నగారు కూడా ఆదివారం పేపర్లో గళ్ళు నింపుతూ కూర్చునేవారు. అమ్మ ఎంత మాట్లాడినా 'ఊఁ' తప్ప బదులుండేది కాదు. ఆయన పోయాక ఒకరోజు అమ్మ అంది, 'ఆయనకి అన్నీ తెలుసురా, అడిగేవారు కాదంతే' అని. ఏం తెలుసు అని నేను అడగలేదు. ఆ తర్వాతే నాకు ఫ్రెడ్ అర్థమయ్యాడు. 1945లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు, వాళ్ళకోసం ఎదురుచూసిన ఆడవాళ్ళు, ఇద్దరికీ ఆ ఒక్క మాటే కావాల్సొచ్చి ఉంటుంది. ఎక్కడికెళ్ళావు, ఎవరితో ఉన్నావు అని కాదు. తిరిగొచ్చావు, చాలు అని. 60 వేల ఇళ్ళలో ఆ మాట దొరకలేదు, లేదా దొరికినా సరిపోలేదు. మిగతా లక్షల ఇళ్ళలో ఎవరో ఒకరు రెండోవాళ్ళని ఏమీ అడక్కుండా ఊరుకునే ఉంటారు. చరిత్ర పుస్తకాల్లో విడాకుల లెక్క ఉంటుంది. అడక్కుండా ఊరుకున్నవాళ్ళ లెక్క ఎక్కడా ఉండదు. నా దృష్టిలో ఈ సినిమా విలువ అదే.

అయితే లోపాలు లేవా? ఉన్నాయి. ఇది పై మధ్యతరగతి వాళ్ళ బాధ. టీ రూములో పనిచేసే మిర్టిల్, టికెట్ కలెక్టర్ ఆల్బర్ట్ కూడా ప్రేమలో ఉంటారు. వాళ్ళు హాయిగా సరసాలాడుకుంటారు, పోట్లాడుకుంటారు. కానీ సినిమా వాళ్ళని నవ్వించడానికే వాడుకుంటుంది. పేదవాళ్ళ ప్రేమ హాస్యం, పెద్దింటి ప్రేమ విషాదం. మన సినిమాల్లో హీరో హీరోయిన్ల పక్కన కమెడియన్ జంట ఉంటుందే, అచ్చం అలాగే! ఇంకోటి, లారాకి ఇల్లు తప్ప వేరే దారి ఉందా లేదా అని సినిమా అడగదు. ఫ్యాక్టరీ పని చేసి జీతం చేతిలో పట్టుకున్న ఆడవాళ్ళని మళ్ళీ వంటింటికి పంపుతున్న ఆ రోజుల్లో, 'తిరిగొచ్చెయ్' అనే కథ ఎవరికి అనుకూలమో ఆలోచించాల్సిందే. ఆ అనుమానం న్యాయమైనదే, నేను కాదనను.

అప్పటి జనం ఎలా తీసుకున్నారు? రోచెస్టర్ అనే ఊళ్ళో ముందస్తు షో వేస్తే, నావికులు ఎక్కువగా ఉన్న ఆ హాల్లో ప్రేమ సన్నివేశాలకి పడీపడీ నవ్వారట. లీన్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు, ఆ రాత్రి నెగటివ్ తగలబెట్టేద్దామనిపించిందని. అంటే కాలేజీలో నేను నవ్విన నవ్వు కొత్తదేం కాదు. కానీ విమర్శకులు మెచ్చుకున్నారు, నిదానంగా జనమూ వచ్చారు. 1946లో బ్రిటన్ సినిమా హాళ్ళలో తెగిన టికెట్లు 160 కోట్ల పైమాటే. ఆ జనం ఎగబడి చూసింది మాత్రం 'ద వికెడ్ లేడీ'ని. అందులో పెద్దింటి ఆవిడ విసుగెత్తి, రాత్రిళ్ళు ముసుగేసుకుని దారిదోపిడీలు చేస్తుంది! ఇంట్లో ఉండలేని ఆడమనిషి కథలే రెండూ. ఒకావిడ గుర్రమెక్కింది, ఒకావిడ గురువారం రైలెక్కింది.

1946లో కాన్స్‌లో తొలి పూర్తిస్థాయి చిత్రోత్సవం జరిగినప్పుడు అత్యున్నత బహుమతిని పదకొండు సినిమాలకి పంచి ఇచ్చారు. అందులో ఒకటి 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్'. ఇంకొకటి మన చేతన్ ఆనంద్ తీసిన 'నీచా నగర్'. ఒకే వేదిక మీద, ఒకే బహుమతి. ఒకటి పాలించే దేశపు గుండెలో దాచుకున్న దిగులు, ఇంకొకటి పాలితుల ఆగ్రహం. తర్వాత ఆస్కార్‌కి సీలియా జాన్సన్, లీన్, స్క్రీన్‌ప్లే మూడు నామినేషన్లొచ్చాయి గానీ బహుమతి ఏదీ రాలేదు. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంద గొప్ప బ్రిటిష్ సినిమాల జాబితా వేస్తే ఇది రెండో స్థానంలో నిలిచింది. ఆ స్నేహితుడి ఫ్లాట్ సన్నివేశం చూసే, ఆ ఫ్లాట్ ఇచ్చినవాడి బతుకేంటి అని ఆలోచించి బిల్లీ వైల్డర్ 'ద అపార్ట్‌మెంట్' తీశాడు.

కార్న్‌ఫోర్త్ స్టేషన్ ఇప్పటికీ ఉంది. సినిమాలో టీ రూము నిజానికి స్టూడియోలో వేసిన సెట్టు. కానీ చూడ్డానికొచ్చే అభిమానుల కోసం స్టేషన్లో అచ్చం అలాంటిదే కట్టారు. టీ దొరుకుతుంది. పెద్ద గడియారమూ ఉంది. మెయిన్ లైను ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం అక్కడ ఆగవు, దూసుకుపోతాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ సినిమా వాళ్ళతో కూర్చుని చూడండి. అయిపోయాక ఏమీ అడక్కండి. వాళ్ళే ఏదైనా చెప్తే వినండి. చెప్పకపోతే టీ పెట్టివ్వండి. అది చాలు.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.